ఆవకూర సంతకం

ఫ్రెస్నోలో మా కౌంటీ, అంటే జిల్లా సర్కారు, నడిపే మనసు వైద్యశాలకి ముందువైపు ఒక గాజు తలుపు, దాని పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా పెద్ద బోర్డు ఉంటాయి. పక్కనే బీపీ, షుగరు చూసే ఆసుపత్రి. బస్సు దిగిన మనిషి ఆ బోర్డు కింద నుంచి పది అడుగులు వేస్తే ఆ ఆసుపత్రిలో మాత్రలిచ్చే కిటికీ వస్తుంది. యుద్ధంలో లావోస్ కొండలు వదిలి పారిపోయొచ్చిన మా హ్మాంగ్ ముసలివాళ్ళు మాత్రం ఆ పది అడుగులూ వెయ్యరు. మాడు పగిలే ఆగస్టు ఎండలో కూడా కార్లు నిలిపే స్థలమంతా చుట్టి, చెత్తడబ్బాల వెనకనుంచి వెళ్ళి మాత్రలు తెచ్చుకుంటారు. ఆ బోర్డు కింద ఎవరైనా చూస్తే పిచ్చి అంటారని భయం. పిచ్చి అన్న మాట ఒకసారి ఇంటికి అంటుకుందంటే మనవళ్ళ పెళ్ళిళ్ళ దాకా వదలదు మరి.

అలాంటి చోట మా పిల్లే, పాన్యా థావో, వైద్యురాలిగా ఉద్యోగంలో చేరింది. ముప్ఫై నాలుగేళ్ళది, పొట్టి మనిషి, నడిస్తే పరుగెత్తినట్టే ఉంటుంది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల. మనసు వైద్యంలో పెద్ద చదువే చదివింది గానీ, చదువు అయ్యేసరికి డెబ్భై వేల డాలర్ల అప్పు నెత్తిన కూర్చుంది. ఏళ్ళ తరబడి నెలనెలా కడుతున్నా అది వడ్డీకే సరిపోయేది. వాళ్ళమ్మ శనివారం సంతలో స్ట్రాబెర్రీలు అమ్ముతుంది. "చదువుకున్న కూతురికంటే నా బుట్ట నయం, సాయంత్రానికైనా ఖాళీ అవుతుంది" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. తల్లి ఎత్తిపొడుపుకి పాన్యా నవ్వేసేది, ఇంటికెళ్ళాక మాత్రం ఏడుపొచ్చేది.

చేరిన కొత్తలో రెండు నెలలు గదిలో కుర్చీ వేసుకుని ఎదురుచూసింది. ఆ వైద్యశాల మొత్తానికి హ్మాంగ్ భాష వచ్చిన వైద్యురాలు తనొక్కతే. అయినా ఒక్క ముసలి ప్రాణి రాలేదు. ఇలా ఈగలు తోలుకుంటూ కూర్చుంటే లాభం లేదని, ఊరి చివర కౌంటీ స్థలంలో మా వాళ్ళు వేసుకున్న కూరగాయల తోటకి బయల్దేరింది. అక్కడ తలా ఒక మడి. గదిలో పెదవి విప్పని మనుషులు కలుపు తీస్తూ మాట్లాడతారు. చేతులు మట్టిలో ఉంటే ఎదుటివాళ్ళ మొహం చూడక్కర్లేదు కదా. ముందు మోకాళ్ళ నొప్పి, తర్వాత నిద్ర పట్టకపోవడం, ఆ తర్వాత ఎప్పుడో యుద్ధం, అడవి, నది. పాన్యా పక్కన గొంతుక్కూర్చుని తానూ కలుపు తీస్తూ వినేది, అడగవలసింది అడిగేది. చదువుకున్న వైద్యమంతా అక్కడే చేసేది.

మూడేళ్ళ కింద, తోటకి వెళ్ళిన మొదటి వారంలోనే చియా అవ్వ ఒక షరతు పెట్టింది. డెబ్భై ఆరేళ్ళావిడ, ఆవకూర మడి ఆవిడది, తోటలో ఆవిడ మాటకి ఎదురు లేదు.

"మా పేర్లు ఎక్కడా రాయకు పిల్లా. కాగితమ్మీద పడ్డాక పేరు మన చేతిలో ఉండదు. రేపు నా మనవడి పెళ్ళి మాటలప్పుడు, వీళ్ళవ్వ ఆ బోర్డు కింది మనిషంటగా అంటారు. నువ్వు మా పుట్టింటి పిల్లవి. మాటియ్యి."

చియా అవ్వ పుట్టింటివాళ్ళూ థావోలే. మాలో ఇంటిపేరు కలిసిందంటే రక్తం కలిసినట్టే, ఇక కాదనడం ఉండదు. పాన్యా మాటిచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా తు.చ. తప్పకుండా నిలబెట్టుకుంది కూడా, అదీ వచ్చిన చిక్కు. ఆఫీసు పట్టీలో ఆ గంటలన్నీ "తోట నిర్వహణ" అని వేసింది. ఎవరికి ఏం చేసిందో గుర్తుండాలి కాబట్టి ఒక నోటుబుక్కు పెట్టుకుని, అందులో మనుషుల పేర్లకి బదులు వాళ్ళు పండించే కూరగాయల పేర్లు రాసింది. కాకర, యాభై నిమిషాలు, కొడుకు గురించి మొదటిసారి మాట్లాడింది. గుమ్మడి, ముప్పావు గంట, మందు వేసుకోవడం మానేసింది, మళ్ళీ ఒప్పించాను. ఇలా మూడేళ్ళు. ఎంత తెలివితక్కువ పనో చూడండి. కానీ మా వాళ్ళలో ఎవర్ని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టినా ఇదే చేస్తారు.

ఆ ఏడు ఆగస్టులో రాష్ట్రం వాళ్ళు ఒక పథకానికి దరఖాస్తులు తీసుకున్నారు. ప్రభుత్వ వైద్యశాలల్లో మనసు వైద్యం చేసేవాళ్ళు ఇంకో రెండేళ్ళు అక్కడే ఉంటామని రాసిస్తే, వాళ్ళ చదువు అప్పులో యాభై వేల డాలర్లు రాష్ట్రమే కట్టేస్తుంది. షరతు ఒక్కటే. వారానికి ఇరవై గంటలైనా రోగి ఎదుట కూర్చుని వైద్యం చేసినట్టు రికార్డులు చూపించాలి, పైఅధికారి సంతకం పెట్టాలి. ఆఖరి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు. అదే శుక్రవారానికి శాక్రమెంటోలో ఒక ప్రైవేటు కంపెనీకి కూడా పాన్యా అవుననో కాదనో చెప్పాలి. ఇప్పటి జీతానికి సగం ఎక్కువిస్తామన్నారు, పని కంప్యూటరు ముందు కూర్చుని. అక్కడ హ్మాంగ్ భాషతో పనిలేదు. పథకం దక్కితే తోట, దక్కకపోతే శాక్రమెంటో. ఇంకో ఏడాది ఆ వడ్డీ కట్టే ఓపిక ఆవిడకి లేదు.

సోమవారం పొద్దున్న పైఅధికారి రోసాల్వా ఎస్పార్జా పిలిచింది. ముక్కుసూటి మనిషి, ఇరవై ఆరేళ్ళ సర్వీసు, చూడని కాగితమ్మీద సంతకం పెట్టిన పాపాన పోలేదు. లెక్క చూస్తే గదిలో మిగతా రోగులకి చేసిన వైద్యం వారానికి తొమ్మిది గంటలు, తోట నిర్వహణ పద్నాలుగు.

"నువ్వు పనిచేస్తావని నాకు తెలుసు. తెలుసని రాష్ట్రానికి రాయలేను కదా. ఈ పద్నాలుగు గంటలూ ఏం చేశావ్?"

పాన్యా నోటుబుక్కు తెచ్చిచ్చి, లోపల హ్మాంగ్‌లో ఏం రాసుందో చదివి చెప్పింది. రోసాల్వాకి ముందు నవ్వొచ్చింది. నాలుగు పేజీలు విన్నాక నవ్వడం మానేసింది. ఇది అసలైన వైద్యమేనని ఒప్పుకుంది. వాళ్ళెవరో వచ్చి, ఆ మడి మాదే, ఈవిడ మాకు వైద్యం చేసింది అని సంతకం పెడితే, వాళ్ళ పేరు మీద రికార్డు తెరిచి ఆ గంటలు ఆలస్యంగానైనా ఎక్కించొచ్చని, అది నిబంధనల్లో ఉన్నదేనని చెప్పింది. పేర్లు చెప్పమంది.

పాన్యా చెప్పలేదు. మాటిచ్చానంది. రోసాల్వా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, యాభై వేల డాలర్ల మాటా అది అని అడిగింది. పాన్యా తలూపి బయటికొచ్చేసింది. 

గురువారం తోటకి వెళ్ళింది, ఊరు విడిచి వెళ్ళిపోతున్నానని చెప్పి వచ్చేద్దామని. సంతకాల సంగతి ఎత్తకూడదని దారి పొడుగునా అనుకుంటూనే వెళ్ళింది. చియా అవ్వ దగ్గర దాగుతుందా? బొబ్బర్ల పందిరి కిందకి పిలిచి ఒక్కొక్క ముక్కా లాగింది. శాక్రమెంటో అన్నావు సరే, ఇక్కడేం పోయింది? అప్పు అన్నావు, కట్టేవాళ్ళెవరో ఉన్నారన్నావు, రేపు సాయంత్రంలోగా ఎవరివో సంతకాలు కావాలన్నావు, మరెందుకు కట్టరు? చివరికి పాన్యాకి ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకంటే అవ్వా, మూడేళ్ళూ నేనిక్కడ మొక్కలకి నీళ్ళు పోశానని రాసుంది. మీరెవరూ లేరక్కడ. నేను మాటిచ్చాను కాబట్టి లేరు. నేనేం అడగట్లేదు మిమ్మల్ని."

చుట్టూ ఉన్న మడుల్లో చేతులాగిపోయాయి. అందరూ విన్నారు.  మిరప మడి తాత న్యావ్యూ, లావోస్ కొండల్లో తుపాకి పట్టి తిరిగిన సిపాయి, ఖాళీ డబ్బా ఒకటి కాలితో తన్ని అటు తిరిగిపోయాడు. చియా అవ్వ గంప సర్దుకుంటూ, జీతమెక్కువైతే వెళ్ళడమే మంచిది, శాక్రమెంటోలో ఎండ కూడా తక్కువ అంది. అంతే. పాన్యా కారెక్కి, తాళం తిప్పకుండా చాలాసేపు కూర్చుని ఏడ్చింది. ఎంతో చేశాను, వీళ్ళకి నేను అక్కర్లేదు అనుకుంది. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది.

శుక్రవారం ఒంటిగంటంపావు. పాన్యా శాక్రమెంటో కంపెనీకి అవునని ఉత్తరం రాసి, పంపే మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ముందు బల్ల దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చి, ఎవరో ముసలివాళ్ళు వచ్చారు, కూరగాయలు అమ్ముతున్నారేమో, ఇక్కడ అమ్మకూడదని చెప్పండి అంది.

పాన్యా బయటికొచ్చి చూసింది. గాజు తలుపు బార్లా తెరుచుకుని ఉంది. ఆ బోర్డు కింద నుంచి, పది అడుగులూ తిన్నగా నడుచుకుంటూ, ఏడుగురు వరసగా లోపలికొస్తున్నారు. ఆడవాళ్ళు కొత్త సంవత్సరానికి తప్ప తియ్యని నల్ల వెల్వెట్ జాకెట్లు తొడుక్కున్నారు, మెడలో వెండి కంటెలు. ఒకావిడ చంకలో గుమ్మడికాయ, ఒకావిడ చేతిలో కాకరకాయల సంచి, ఇంకొకాయన భుజమ్మీద నిమ్మగడ్డి కట్ట. ముందు చియా అవ్వ, రెండు చేతుల్లో ఆవకూర కట్టలతో.

"ఆ లెక్కలు చూసే ఆవిడెక్కడ? మేం నీతో మాట్లాడ్డానికి రాలేదు" అంది పాన్యాతో.

రోసాల్వా వచ్చింది. పాన్యా విషయానికి పాన్యాయే ఇంగ్లీషులోకి మార్చి చెప్పకూడదంది, అదీ నిబంధనే. ఫోనులో దుబాసీని పిలిచి బల్ల మీద పెట్టింది. ఎక్కడో మిన్నెసోటాలో కూర్చున్న కుర్రాడు. పాపం అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. "క్షమించాలి మేడం, ఈవిడ తనని కాకరకాయ అంటోంది. నేను రెండుసార్లు అడిగాను" అన్నాడు. కాకర అవ్వ ఫోను మీదకి వంగి, ఉన్నదున్నట్టు చెప్పడానికి నీకేం పోయేకాలం, నీదేవూరు, మీవాళ్ళెవరు అని చెడామడా దులిపేసింది. అతను అదీ మార్చి చెప్పాడు. రోసాల్వా పెదవి కొరుక్కుని పేజీ తిప్పింది.

చియా అవ్వ వంతు వచ్చింది. ఆవకూర పేరు మీద ఉన్న పేజీలే ఎక్కువ. హ్మాంగ్ రాతకి పక్కన పాన్యా వేసుకున్న ఇంగ్లీషు ముక్కల్ని బట్టి రోసాల్వా తేదీలు చదువుతుంటే, అవ్వ ఔనౌనని తలూపుతోంది. మార్చి పదకొండు, నాలుగు రాత్రులు నిద్రపోయింది. ఏప్రిల్ రెండు, నది మాట ఎత్తలేదు. మే పద్నాలుగు, ఇవాళ పాప పేరు చెప్పింది. అక్కడ రోసాల్వా ఆగింది. చదివినందుకు ఇబ్బందిపడి, ఇది చాలు, ఇంకేం చెప్పక్కర్లేదంది.

చియా అవ్వ ఆవకూర కట్టలు బల్ల మీద పెట్టింది.

"నది దాటేటప్పుడు ఏడిస్తే సైనికులు వింటారని నా చంటిదాని నోట్లో నల్లమందు పెట్టాను. ఎక్కువైంది. ఒడ్డుకి నేనొక్కదాన్నే చేరాను. నలభై ఏళ్ళు దాని పేరు నేను నోటితో అనలేదు. ఈ పిల్ల పక్కన కూర్చుంటే అన్నాను. ఆ పేరు కూడా అందులో రాయి. గావ్‌నూ."

 ఫోనులో కుర్రాడు ఒక్కొక్క మాటా నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. రోసాల్వా కళ్ళజోడు తుడుచుకుని, అక్షరాలు ఒకటికి రెండుసార్లు అడిగి ఆ పేరు రాసింది. కాగితం ముందుకి జరిపింది. చియా అవ్వకి రాయడం వచ్చింది తన పేరొక్కటే, పౌరసత్వం పరీక్షకి నేర్చుకున్నది. కలం పట్టుకుని, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, గీత దాటకుండా సంతకం పెట్టింది. గోడకి ఆనుకుని నిలబడ్డ పాన్యా మొహం చేతుల్లో దాచుకుంది. గురువారం తాను అనుకున్న మాటలన్నీ గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది.

ఏడుగురివీ అయ్యేసరికి నాలుగైంది. రోసాల్వా కూడిక వేసింది, మళ్ళీ వేసింది. వారానికి పంతొమ్మిది గంటల పావు. ముప్పావు గంట తక్కువ.

తోటలో మొత్తం పదకొండు మంది. ముగ్గురు రామన్నారు, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి. పదకొండో మనిషి న్యావ్యూ తాత. వచ్చాడు గానీ లోపలికి రాలేదు. వీళ్ళందర్నీ తన వ్యానులో తెచ్చింది ఆయనే. నేను డ్రైవర్నే, నాకేం జబ్బు లేదు అని బండిలోనే ఉండిపోయాడు. మిరప పేజీలు వారానికి గంటంపావు ఉన్నాయి.

పాన్యా వద్దంది. ఆయన్ని అడగొద్దు, రాకపోతే రాకపోనీ, మీరు వచ్చారు అదే చాలు అంది. చియా అవ్వ ఆ మాట వినిపించుకుంటే కదా. జాకెట్టు సవరించుకుని బయటికి నడిచింది. కిటికీలోంచి అందరూ చూస్తున్నారు. వ్యాను అద్దం దగ్గర నిలబడి అవ్వ ఏదో అంది, ఒక్క ముక్కే. ఏమందో తర్వాత తాతే చెప్పుకుని నవ్వేవాడు. "ఆ కొండల్లో అంత తుపాకి మోశావు, గాజు తలుపు తొయ్యడానికి చేతులు రావట్లేదా?" అందట.

అవ్వ తిరిగొచ్చి కూర్చుంది. గడియారం నాలుగుంబావు దాటింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. న్యావ్యూ తాత పాత సిపాయి టోపీ పెట్టుకుని, గుప్పెడు ఎర్ర మిరపకాయలతో వచ్చి రోసాల్వా బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు. దుబాసీ అక్కర్లేదని ఫోను పక్కకి జరిపాడు.

"మిరప. నేనే" అన్నాడు, వచ్చీరాని ఇంగ్లీషులో.

రోసాల్వా లేచి నిలబడి ఆయన చేతిలోంచి మిరపకాయలు తీసుకుంది. ఇరవైన్నర గంటలు. ఆ ఎనిమిది కాగితాలూ జతచేసి, ఆవిడ తన సంతకం పెట్టి, నాలుగూ యాభై రెండుకి దరఖాస్తు పంపింది. పంపాక పాన్యా తన గదిలోకెళ్ళి శాక్రమెంటో ఉత్తరం చెరిపేసింది. ఇంకా ఏదీ మంజూరు కాలేదు, అయినా చెరిపేసింది. బయటికొచ్చేసరికి ముసలివాళ్ళు తెచ్చిన కూరలు ముందు బల్ల మీద పరిచి, ఆ అమ్మాయికి గుమ్మడికాయ ఎలా వండాలో చేతులతో చూపిస్తున్నారు.

"అవ్వా, రేపు మీ మనవడి పెళ్ళి మాటలు కదా" అంది పాన్యా చియా అవ్వతో. "వాళ్ళడిగితే?"

"అడగనీ. నిద్రపడుతోంది నాకు, మీకు పడుతోందా అంటాను."

మర్నాడు నిజంగానే అడిగారు. అలాంటి వార్త మా ఊళ్ళో ఒక రాత్రి కూడా ఆగదు. పెళ్ళికూతురి వైపు మధ్యవర్తి గొంతు సవరించుకుని, నిన్న మీ పెద్దావిడ ఎక్కడికో వెళ్ళిందంటగా అన్నాడు. చియా అవ్వ మగవాళ్ళ బల్ల దగ్గరికొచ్చి, ఎక్కడికెళ్ళిందీ ఎందుకెళ్ళిందీ అంతా పూసగుచ్చినట్టు చెప్పి, నిద్ర మాట అడిగేసి, కోడిపులుసు చల్లారిపోతోంది తినండి అని వెళ్ళిపోయింది. పెళ్ళికూతురి అవ్వ ఒక మూల కూర్చుని ఆవిడనే చూస్తూ ఉండిపోయిందని చెప్పారు. సంబంధం ఖాయమైంది.

సెప్టెంబరు ఆఖరికి రాష్ట్రం నుంచి ఉత్తరం వచ్చింది. యాభై వేలూ మంజూరు. పాన్యా ఆ కాగితం పట్టుకుని తిన్నగా సంతకెళ్ళి తల్లి బుట్ట పక్కన పెట్టింది. ఆవిడ ఇంగ్లీషు చదవలేదు, అంకె మాత్రం చదివింది. చదివి, ఆ పూట స్ట్రాబెర్రీలు వచ్చినవాళ్ళందరికీ ఊరికే పంచిపెట్టింది. ఆ ఆదివారం తోటలో కోడినీ గుడ్లనీ ఉడకబెట్టి, ముసలివాళ్ళంతా పాన్యా మణికట్టుకి దీవెనగా తెల్ల దారాలు కట్టారు. రోసాల్వాకి కూడా కట్టారు. మూడు రోజులు ఉంచుకోవాలని చెబితే, అవే తెగిపోయేదాకా ఉంచుకుంది.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున్న చియా అవ్వ ఆ గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఇప్పుడు మాత్రల కోసం కూడా ఆవిడ బోర్డు కిందనుంచే వెళుతోంది. వెనక ఇంకో ముసలావిడ, తలవంచుకుని. పెళ్ళికూతురి అవ్వ.

"వంకాయ మడి ఖాళీగానే ఉందిగా, ఈవిడకియ్యి" అంది చియా అవ్వ. "నలభై ఏళ్ళుగా నిద్ర లేదంట."

పాన్యా కుర్చీ వేసింది. నోటుబుక్కు తీసి, పాత అలవాటు కొద్దీ పేజీ పైన వంకాయ అని రాయబోయింది.

కొత్త ముసలావిడ చెయ్యి చాపి కలం ఆపింది.

"కూరగాయ పేరెందుకమ్మా? నా పేరు యింగ్ మువా. అదే రాయి."